మూడో చరణం తర్వాత పిట్ట

ప్రేబెన్ కాఫీ వేళకు వస్తానన్నాడు. వస్తాడు, తప్పకుండా వస్తాడు, పడమటి గాలి ఇంటి పెంకులు లేపుకుపోతున్నా సరే ఆదివారం కాఫీ మానే మనిషి కాడు వాడు, వచ్చి, బూట్లు గుమ్మంలో విడిచి, ఎస్కిల్ భార్య సోల్వై చేసిన యాలకుల రొట్టె రెండు ముక్కలు లాగించి, మీసానికంటిన చక్కెర తుడుచుకుని, అప్పుడు అడుగుతాడు, "ఏరా ఎస్కిల్, పిట్ట ఎలా ఉంది?" అని. అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. ఆ చెప్పాల్సిందేమిటో తేల్చుకోవడానికి ఇంకా గంట ఉంది. పాటేమో కాస్తంత, గంటలో ఎన్నిసార్లైనా వినచ్చు, అయినా పొద్దుటినుంచీ ఎస్కిల్ దాని జోలికి పోలేదు. వేరేవి విన్నాడు. ఎవరో చెల్లో వాయిస్తే విన్నాడు, పోర్చుగల్ ఆవిడెవరో గుండె బాదుకుంటున్నట్టు పాడితే విన్నాడు, చిన్నప్పుడు అమ్మ బంగాళాదుంపలు ఒలుస్తూ కూనిరాగం తీసిన అకార్డియన్ పాట పేరు గుర్తొచ్చి వేలితో కొడితే, ఆశ్చర్యం, అది కూడా వచ్చేసింది, అమ్మ లేదు గానీ పాట వచ్చింది. ఆ ఒక్క పాట దగ్గరికి వెళ్ళేసరికి మాత్రం వేలు వెనక్కొచ్చేస్తోంది. పంటి డాక్టరు గుమ్మం ముందు కూర్చుని గోడ మీది బొమ్మలన్నీ శ్రద్ధగా చూసే మనిషిలా ఉంది అతని వాలకం.

పెట్టె అదిగో, అల్మరా మీద ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని ఉంది. బిస్కట్ల డబ్బా కన్నా పెద్దదేం కాదు, నల్లగా, నున్నగా, ముందువైపు ఒక్కటే దీపం. స్ట్రీమర్ అంటారు దాన్ని. పాట తప్ప ఇంకో పని లేదు దానికి, ఇంటర్నెట్ తీగలోంచి పాటను పట్టుకోవడం, శుభ్రంగా ఆంప్లిఫయర్‌కి అందించడం, అంతే. ఫోను మీద పాట పేరు కొడితే చాలు. గురువారం నాడు ప్రేబెన్ దాన్ని కోటులోపల పెట్టుకుని, చలిలోంచి తెచ్చిన పిల్లికూనలా జాగ్రత్తగా తీసుకొచ్చాడు. రికార్డు ప్లేయర్‌లోలా తిరిగేది ఏదైనా ఉందా దీంట్లో అని అడిగాడు ఎస్కిల్. ఏదీ లేదు, అన్నాడు ప్రేబెన్. ముల్లు? లేదు. పళ్ళెం? లేదు. మోటారు? లేదురా బాబూ, నీకు తిరిగేది కావాలంటే గాలిమర కొనుక్కో. రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తూ బతికిన మనిషి ఎస్కిల్, తిరగనిదాన్ని నమ్మడం అతని వల్ల కాదు, అందుకే ఇన్నేళ్ళూ ఊళ్ళో అందరి ఇళ్ళల్లోకీ వచ్చినా ఇది అతని గుమ్మం తొక్కలేదు. మరి ఇందాక ఆ పోర్చుగల్ ఆవిడ ఎక్కడినుంచి పాడినట్టు? ఒకసారి సముద్రంలోంచి ఆ ఇంటర్నెట్ తీగను ఒడ్డుకు లాగుతుంటే సోల్వైతో కలిసి చూడ్డానికి వెళ్ళాడు, ఓడ అల్లంత దూరాన ఆగి ఉంది, నల్లటి లావుపాటి తీగ ఇసకలోకి పాకుతూ వచ్చింది, చుట్టూ జనం, ఐస్‌క్రీములు తినే పిల్లలు, ఇంతేనా అనుకుని ఇంటికొచ్చేశారు. ఇంతేనా అనుకున్న దాంట్లోంచి ప్రపంచంలో పాడిన వాళ్ళందరూ వస్తున్నారు. బతికున్నవాళ్ళూ, పోయినవాళ్ళూ, తోసుకోకుండా, ఒకరి తర్వాత ఒకరు, అడిగితే చాలు, ఈ ఇంటి ముందుగదిలోకి. తలుచుకుంటే ఒళ్ళు ఝల్లుమంటోంది, ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా.

ఇక ఆ పాట. హోల్మ్‌క్లిట్ అని ఇసకదిబ్బల మధ్య ఒక చిన్న ఊరు, చర్చి, చర్చి వెనక ఫర్ చెట్ల తోపు, తోపు వెనక సముద్రం. ఎస్కిల్ ఇంకా పెళ్ళికాని కుర్రాడిగా ఉన్నప్పుడు ఎవరో టేపు మిషన్లు వేసుకుని ఆ ఊరికొచ్చి, చర్చిలో పాడే ఆడవాళ్ళ పాటలు టేపుల మీద పట్టుకుపోయి, గ్రామఫోను రికార్డుగా వేశారు. వేసవి, లోపల ఉక్కపోత, తలుపులు బార్లా తెరిచి పాడారు వాళ్ళు. మూడో చరణం అయ్యాక ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంటారు, ఆ ఊపిరంత సందులో, తెరిచిన తలుపులోంచి, ఒక పిట్ట. పిట్టరాజు అంటారు దాన్ని అక్కడ, పేరుకే రాజు, చేతిలోకి తీసుకుంటే బొటనవేలంత ఉండదు, నెత్తిన ఒక పసుపు చార, గొంతు చూస్తే సూదిమొనంత సన్నం. మామూలు ప్లేయర్ మీద అది వినబడదు. మంచి ముల్లు, మంచి ఆంప్లిఫయర్, మంచి స్పీకర్లు, అన్నీ సరిగ్గా కుదిరితే అప్పుడు వినబడుతుంది, స్వచ్ఛంగా, ఎడంపక్క స్పీకరుకి కాస్త వెనగ్గా, కిటికీ దాకా వెళ్ళి చూద్దామనిపించేటట్టు. ఈ హై-ఫై పిచ్చి, అంటే చప్పుడు ఉన్నదున్నట్టు వినాలన్న పిచ్చి, ఉన్న ప్రతివాడికీ ఒక పరీక్ష పాట ఉంటుంది, కొత్త యంత్రం ఏది వచ్చినా ముందు దాని మీద వేసి చూస్తారు. వీళ్ళ జట్టుకు మాత్రం అందరికీ కలిపి ఈ పిట్టే. గురువారం గురువారం ఎవరో ఒకరింట్లో చేరేవాళ్ళు, ఒకప్పుడు గది నిండిపోయి మెట్ల మీద కూడా కూర్చునేవాళ్ళు. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, దగ్గొస్తే బయటికి పోవాలి. పాటయ్యాక వరసగా ఒక్కొక్కరూ చెప్పాలి, వచ్చిందా, రాలేదా. వచ్చింది, కాస్త బొంగురుగా వచ్చింది. వచ్చింది, కానీ చెట్టు దిగి నేల మీద కూస్తోంది. ఇంత పెద్ద పెద్ద మగాళ్ళు, చేపల పడవల వాళ్ళు, బడి పంతులు, పళ్ళ డాక్టరు, గడ్డాలు నిమురుకుంటూ ఒక పిట్ట గురించి వాదించుకుంటుంటే సోల్వై వంటింట్లో నవ్వాపుకోలేక గిన్నెలు జారవిడిచేది. ఇప్పుడు జట్టులో మిగిలింది ఎస్కిల్, ప్రేబెన్, అంతే.

పిట్ట పోయి మూడు చలికాలాలయింది. ఎప్పుడు పోయిందో కచ్చితంగా తెలీదు, ఒక గురువారం ఊపిరి సందు ఖాళీగా వినబడింది. ముల్లు అరిగింది అనుకున్నాడు, మార్చాడు. రాలేదు. రికార్డే అరిగిందనుకున్నాడు, నాలుగు ఊళ్ళు తిరిగి కొత్తలా ఉన్నది ఇంకోటి సంపాదించాడు. రాలేదు. అప్పుడు పట్టుకుంది అసలు పిచ్చి. తీగలు మార్చాడు, రాగివి తీసేసి వెండి పూతవి వేశాడు. స్పీకర్ల కింద ఇనప మేకులు పెట్టాడు, నేల అదిరితే పిట్ట చెదురుతుందని. సమాధి రాళ్ళు చెక్కే అతని దగ్గరికి పోయి నల్లరాతి పలక ఒకటి కోయించుకొచ్చి ప్లేయర్ కింద వేశాడు, దాన్ని ఇద్దరు మనుషులు మోసుకొస్తుంటే సోల్వై గుమ్మంలో నించుని, "పేరు చెక్కించలేదేం, ఎప్పటికైనా పనికొస్తుందిగా" అంది. కిటికీకి దళసరి తెర వేశాడు. ఫ్రిజ్జు ఆపించాడు పాట వినేంతసేపూ, పాలు విరిగిపోయాయి. ఇన్ని చేసినా ఆ ఊపిరి సందులో ఊపిరి తప్ప ఇంకేమీ లేదు. గురువారం గురువారం ప్రేబెన్ ఎదురుగా కూర్చుని వచ్చిందా అంటే మాత్రం వచ్చింది అనేవాడు. ఏమనాలి మరి? ప్రేబెన్ కళ్ళు మూసుకుని, ఆహా, ఈసారి చిటారుకొమ్మన ఉందిరా అంటుంటే, ఇంటివాడు తెల్లమొహం వేసుకుని కూర్చోవాలా? విన్నది విన్నట్టు చెప్పాలన్నదే ఆ జట్టు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క నీతి, దాన్ని మూడేళ్ళుగా తొక్కుతూనే ఉన్నాడు.

అలాంటిది బుధవారం ప్రేబెన్ ఫోన్ చేసి, హోల్మ్‌క్లిట్ టేపులు దొరికాయట రా, అసలు టేపులు, ఎవరో మహానుభావులు వాటిని దులిపి ఇంటర్నెట్‌లో పెట్టారు, రికార్డు కాదు, ముల్లు కాదు, ఆ వేళ ఆ చర్చిలో టేపు మీద ఏం పడిందో అదే, నేను విన్నాను, పిట్ట వచ్చి నా భుజమ్మీద వాలిందిరా అని అరిచాడు. మర్నాడే పెట్టె తెచ్చిచ్చాడు. అదీ సంగతి. ఇన్నాళ్ళూ నెపం వేయడానికి ఏదో ఒకటి ఉండేది, ముల్లు, రాయి, తీగ, ఫ్రిజ్జు. దీంట్లో అరిగేది లేదు, అదిరేది లేదు, తిరిగేది లేదు. దీంట్లో కూడా పిట్ట రాకపోతే ఇక మధ్యలో మిగిలేది ఒక్కటే. ఆ ఒక్కటి ఏమిటో ఎస్కిల్ మనసు అక్కడిదాకా వెళ్ళి, కుర్చీ కింద దూరిన కుక్కలా, ఎంత పిలిచినా బయటికి రావటం లేదు. వంటింట్లో సోల్వై పళ్ళేలు సర్దుతోంది. ఛీ, ఇంత పిరికితనమేమిటి, నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోయినప్పుడు కూడా చేతులు వణకలేదే అనుకుని, కళ్ళు మూసుకుని వేలు నొక్కేశాడు.

మొదట ఏమీ రాలేదు. ఏమీ రాకపోవడం కాదు, గది వచ్చింది. పాట మొదలవకముందే చర్చి వచ్చేసింది, దాని ఎత్తు వచ్చింది, చెక్కనేల వచ్చింది, ఎవరిదో బూటు నేలకి రాసుకున్న చప్పుడు, ఒకామె గొంతు సవరించుకోబోయి మింగేసింది, కాగితాలు, మళ్ళీ నిశ్శబ్దం, అయ్యో ఎంత లోతు నిశ్శబ్దం అది, దాన్ని రికార్డు మీద ఎప్పుడూ వినలేదు, రికార్డు మీద అక్కడ చిటపటలు ఉండేవి, ఆ చిటపటలే చర్చి అనుకుని ఇన్నేళ్ళూ బతికాడు. తర్వాత ఆడవాళ్ళు. పన్నెండుమందో పదిహేనుమందో, ఇప్పటిదాకా ఒకే గొంతు అనుకున్నది విడివిడిగా నిలబడింది, ఈవిడ లావుపాటి మనిషి, ఈవిడకి జలుబు, ఆ చివరావిడ పదహారేళ్ళ పిల్ల, పెద్దవాళ్ళని చూసి భయపడుతూ అందుకుంటోంది. వాళ్ళల్లో సగం మంది ఇప్పుడు ఆ చర్చి పక్కనే మట్టిలో ఉంటారు. అయినా ఇప్పుడు నోళ్ళు తెరిచి, పెదాలు తడి చేసుకుని, ఈ గదిలో నిలబడి పాడుతున్నారు, వాళ్ళకీ తనకీ మధ్య ఎవరూ అడ్డంగా లేరు. ఎస్కిల్ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. దేవుడిని పెద్దగా పట్టించుకునే మనిషి కాదు, పెళ్ళికీ చావుకీ తప్ప చర్చి గడప తొక్కడు, అయినా కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు, పెద్దవాళ్ళు ఎవరో గదిలోకొస్తే కూర్చున్నట్టు.

అప్పుడు కింద ఇంకేదో వినబడింది. రెండో చరణంలో. పాట కింద, చెక్కనేల కింద, అన్నిటి కిందా, చాలా నెమ్మదిగా లేచి, చాలా నెమ్మదిగా పడేది ఒకటి. మొదట ఆర్గన్ తిత్తి అనుకున్నాడు, కాదు, ఆర్గన్ వాయించలేదు ఆ పాటకి. లారీ అనుకున్నాడు, పెట్టెలో జబ్బేమో అనుకున్నాడు. మళ్ళీ లేచింది, పడింది. అరికాళ్ళకి తెలిసింది ముందు, చెవికి తర్వాత. సముద్రం! దిబ్బల అవతల సముద్రం, తెరిచిన తలుపుల్లోంచి, అంత దూరాన్నుంచి వచ్చి టేపు మీద పడింది, అంత లోతు మోత రికార్డు గాడిలో పట్టక అక్కడే వదిలేశారు కాబోలు, ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీకుండా టేపులో కొట్టుకుంటూనే ఉంది. ఆ మోత ఎస్కిల్‌కి కొత్తదా? కుర్రతనంలో ఇంజన్ గదిలో దిగి, పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటే, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో, ఏ వాల్వు అబద్ధమాడుతోందో మనిషి చెప్పినట్టు చెప్పేది, దాని వెనక, ఇనుము వెనక, ఇదే మోత ఉండేది, పడవ పొట్ట కింద. ఎస్కిల్ చెవి అంటే రేవంతా ఒకటే మాట, వాడు విన్నాడంటే విప్పి చూడక్కర్లేదు అనేవాళ్ళు. ఇంజన్ మోతకి చెవులు చెడకుండా మూతలిచ్చారు తర్వాత్తర్వాత, పసుపుపచ్చవి, అందరూ పెట్టుకున్నారు, ఎస్కిల్ మేకుకి తగిలించి వదిలేశాడు. మూతలు పెట్టుకుంటే అది చెప్పేది ఎలా వినాలిరా అనేవాడు. సముద్రం లేచింది, పడింది, ఆడవాళ్ళు దాని మీద తేలుతూ మూడో చరణంలోకి వెళ్ళారు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దేనికో తెలీదు, ఇంతటిది ఇంత చిన్న డబ్బాలోంచి రావడమేమిటన్న దానికే కావచ్చు.

మూడో చరణం చివరి మాట సాగింది, సాగి, చర్చి కప్పు కింద కరిగింది. ఆడవాళ్ళు ఊపిరి తీసుకున్నారు. ఎస్కిల్ తీసుకోలేదు. మెడ రిక్కించి, ఎడంపక్క స్పీకరు వెనక్కి, ప్రాణమంతా అటే పెట్టి చూస్తున్నాడు. ఊపిరి. సముద్రం. నాలుగో చరణం మొదలైపోయింది. లేదు. పిట్ట లేదు. వెంటనే, అదేం విచిత్రమో, ఎక్కడినుంచో పట్టరాని సంతోషం తన్నుకొచ్చింది. తుడిచేశారు! అవును మరి, ఈ కాలం వాళ్ళకి శుభ్రం పిచ్చి కదా, అన్నీ కడిగేయాలి, మరకలు, ముడతలు, పిట్టలు. టేపులు దులిపారన్నాడుగా ప్రేబెన్, దులిపితే పిట్ట ఉంటుందా ఎగిరిపోక? దుర్మార్గులు, ఎవరిచ్చారు మీకు అధికారం అని పైకే తిట్టాడు. తిడుతుంటే ఎంత హాయిగా ఉంది. ప్రేబెన్ భుజమ్మీద వాలిందన్నాడే మరి? వాడా, వాడొట్టి వెర్రిబాగులవాడు, ఉందనుకుంటే ఉంటుంది వాడికి, పట్టుకెళ్ళరా నీ పెట్టె అంటాను, సముద్రం బాగుంది గానీ పిట్టను చంపేశారంటాను. చెప్పాల్సిన మాట దొరికేసింది. ఇక ఇంకోసారి, తీరిగ్గా, తప్పు పట్టడానికే వింటున్నవాడి ధీమాతో వెనక్కి వాలి, మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. మళ్ళీ గది, మళ్ళీ బూటు, మళ్ళీ జలుబావిడ, ఎన్నిసార్లు విన్నా ముచ్చటగానే ఉంది, మూడో చరణం, ఊపిరి.

"ఓ, పిట్టరాజు," అంది సోల్వై.

గుమ్మంలో నించుని ఉంది, చేతిలో కప్పుల పళ్ళెం, తల ఎడంపక్కకి తిప్పి, కళ్ళు కాస్త పైకెత్తి.

"ఏమన్నావు?"

"పిట్టరాజు కూసింది కదా. అదిగో, ఇంకా కూస్తోంది. వాళ్ళు పాడుతున్నా ఆగటం లేదు, పొగరు దానికి." నవ్వింది. తర్వాత అతని మొహం చూసి నవ్వు ఆపేసింది.

"అబద్ధం," అన్నాడు ఎస్కిల్.

"నాకేం పనయ్యా అబద్ధమాడ్డానికి? చేతులు లాగేస్తున్నాయి ఇక్కడ."

సైకిలు మీద ఉత్తరాలు పంచుతూ ఎండల్లో, మంచుల్లో ఈ తీరమంతా తిరిగిన మనిషి ఆమె, ఏ పొదలో ఏ పిట్ట ఉందో చూడకుండా చెప్పగలదు, హై-ఫై అంటే ఏమిటో మాత్రం ఈనాటికీ ఆమెకి అక్కర్లేదు, వంటింట్లో పగిలిన చిన్న రేడియోతో సంసారం చేసుకుంటుంది. ఆమె విన్నదంటే పిట్ట ఉన్నట్టే. అయితే ఉంది. అక్కడే ఉంది, ఎడంపక్కనే, ఎప్పటిలాగే, ఇన్నేళ్ళూ అన్ని గురువారాలూ ఉంది, వెండి తీగలకీ ఇనప మేకులకీ సమాధి రాయికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నిరుడు వసంతంలో ఫర్ తోపులో నడుస్తుంటే సోల్వై ఉన్నట్టుండి ఆగి, పైకి చూసి, చిన్నపిల్లలా నవ్వింది, ఏమిటి అంటే ఏం లేదులే పద అంది. ఏ ఉడతనో చూసి ఉంటుందనుకున్నాడు. ఉడత కాదు. ఆ తోపంతా మోగిపోతుంటే తను ఖాళీ తోపులో నడిచాడు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పొయ్యి మీది టైమరు కీచుమని మోగి మోగి చస్తుంటే, దాని పక్కనే కూర్చుని నువ్వు పేపరు చదువుకున్నావు చూడు, అప్పటినుంచి. రొట్టె బొగ్గయింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పకపోవడమేమిటి? రెండుసార్లు చెప్పాను. చెవులు చూపించుకోవయ్యా మగడా అన్నాను. నువ్వు పోయి కేబుల్ కొనుక్కొచ్చావు."

ఈ మాటకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు అతనికి. పళ్ళెం బల్ల మీద పెట్టి ఆమె వచ్చి కుర్చీ చేతి మీద కూర్చుంది, పక్కనే, బరువుగా. పాట అయిపోయింది, పెట్టె మీద దీపం వెలుగుతూనే ఉంది. ఎస్కిల్ దానివంక చూశాడు. దొంగ అనుకుని జుట్టు పట్టుకుంటే, చేతికి దొరికింది పరాయి మనిషి సొత్తు అణాపైసల్తో అప్పజెప్పే మనిషి. అది దేన్నీ దాచుకోలేదు. చెవి లేనివాడు ఎదురుగా కూర్చున్నాడు కదా, ఎవడు చూడొచ్చాడు, పిట్టను మానేద్దాం అనుకోలేదు. ఉన్నదంతా, అతను వినగలిగిందీ వినలేనిదీ, తెచ్చి ఈ గదిలో పోసింది. పాడినవాళ్ళూ అంతే, పిట్టా అంతే. ఎవరు వింటారని కూసిందది ఆ మధ్యాహ్నం? చర్చిలో ఆడవాళ్ళు పాడుతున్నారనీ దానికి తెలీదు, టేపు తిరుగుతోందనీ తెలీదు, ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక ముసలాడు తన కోసం రాళ్ళు మోయిస్తాడనీ తెలీదు. బొటనవేలంత ప్రాణం, కూసింది, రెండు మూడు చలికాలాలు చూసి పోయి ఉంటుంది, ఆ కూత మాత్రం సముద్రాలు దాటి, అంకెలైపోయి, మళ్ళీ కూతై, ఇదిగో ఈ గోడకి తగిలింది, ఎస్కిల్ రెండు చెవులకీ తగిలింది, తలుపు తీసేవాళ్ళు లేక తిరిగిపోయింది. ఇంత పెద్ద లోకంలో తాను వినలేనిది ఎంత ఉందో! ఈ గది నిండా, ఇప్పుడు కూడా. భయం వేయాల్సింది, వేయలేదు, నక్షత్రాలు చూసినప్పుడు వేయనట్టు.

"నీకు సముద్రం వినబడిందా?" అన్నాడు.

"ఏ సముద్రం?"

"పాటలో. కింద."

"లేదే. పాటలో సముద్రమేమిటి?"

అప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని, పాట మళ్ళీ మొదటినుంచి పెట్టి, రెండో చరణంలో అది లేచినప్పుడల్లా ఆమె అరచేతిని తన అరచేతితో కాస్త పైకెత్తి, పడినప్పుడల్లా కిందికి దించాడు, పడవ ఊగినట్టు. మొదట ఆమె మొహం ఖాళీగా ఉంది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత, "ఓరి దేవుడా," అంది నెమ్మదిగా, "ఎంత దూరం నుంచి!" చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కొన్ని క్షణాలు ఇద్దరూ అలా ఊగుతూ ఉన్నారు, పాపం వాళ్ళని ఆ అవతారంలో చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, వాళ్ళకి మాత్రం రాలేదు.

వీధి తలుపు దబదబా చప్పుడైంది, ప్రేబెన్ గంట నొక్కడు, బాదుతాడు. బూట్లు విప్పాడు, కోటు తగిలించాడు, వచ్చి బల్ల ముందు కూలబడి, ఎన్నడూ లేంది, రొట్టె ముట్టుకోకుండానే అడిగేశాడు.

"ఏరా, పిట్ట ఎలా ఉంది?"

ఎస్కిల్ కాఫీ కప్పులోకి చూశాడు. చిటారుకొమ్మన ఉంది అంటే అయిపోతుంది. దులిపి చంపేశారు అన్నా అయిపోతుంది. రెండు మాటలూ నాలిక చివరే ఉన్నాయి.

"నాకు వినబడలేదురా," అన్నాడు.

ప్రేబెన్ మొహంలో ఒక వెలుగు వచ్చింది. "అనుకున్నానురా! యంత్రంలో ఏదో లోపముంది, నాకూ అనుమానంగానే..."

"యంత్రం బంగారం. లోపం నాది. సన్నటి కూతలకి నా చెవి పోయింది. మూడేళ్ళుగా పిట్ట వినబడటం లేదు నాకు, వినబడిందని నీకు అబద్ధాలు చెప్పాను. ఇందాక సోల్వై విన్నది. పిట్ట ఉంది."

ప్రేబెన్ చక్కెర లేని మీసాన్ని ఊరికే తుడుచుకున్నాడు. సోల్వై వైపు తిరిగి, "ఉందా?" అన్నాడు. "నిజంగా ఉందా అమ్మా? నువ్వు విన్నావా?"

"అదేమిట్రా, నీ భుజమ్మీద వాలిందన్నావుగా?" అన్నాడు ఎస్కిల్.

"వాలలేదు." ప్రేబెన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "నా దగ్గర వాలడం నీకన్నా ముందే మానేసిందిరా. నువ్వు వచ్చిందీ వచ్చిందీ అంటుంటే, వీడికి వస్తోంది నాకు రావటం లేదని చెప్పుకోలేక నేనూ అంటూ వచ్చాను. ఈ పెట్టె నీకెందుకు తెచ్చిచ్చాననుకున్నావు? నువ్వు పెట్టె బాలేదంటే, హమ్మయ్య, నిజంగానే బాలేదు కాబోలనుకుని కొట్టువాడికి తిరిగిచ్చేద్దామని."

"చిటారుకొమ్మన ఉందన్నావు కదరా, కళ్ళు మూసుకుని మరీ!"

"నువ్వు తలూపావు కదరా!"

ముందు నవ్వింది సోల్వై. గిన్నెలేవీ చేతిలో లేవు కాబట్టి సరిపోయింది. "ఇద్దరు చెవిటి మాలోకాలు," అంది పమిటలాంటిదేమీ లేక ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మూడేళ్ళు పిట్టకి మార్కులు వేశారు!" ఆ తర్వాత ఎస్కిల్ నవ్వాడు, ప్రేబెన్ నవ్వాడు, ప్రేబెన్ నవ్వు నడుమ ఎక్కడో తెగింది, మొహం అటు తిప్పుకున్నాడు, ఎస్కిల్ చూసి చూడనట్టు ఊరుకుని రొట్టె పళ్ళెం అతని వైపు జరిపాడు. పక్కవాడికి వినబడుతోంది కదా అన్న దిగులుతో ఒక్కొక్కడూ ఒంటరిగా ఎన్ని గురువారాలు కూర్చున్నాడో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

కాఫీ చల్లారిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఎస్కిల్ లేచి, వినే కుర్చీలో సోల్వైని కూర్చోబెట్టాడు, గది మధ్యలో, స్పీకర్లు రెండూ సమంగా అందే చోట. తనూ ప్రేబెన్ పీటల్లాంటి రెండు చెక్క కుర్చీలు తెచ్చుకుని ఆమెకి ఎదురుగా, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నారు. ఇదేం కూర్చోవడమయ్యా, అటు తిరగండి అంది. లేదు, నిన్నే చూడాలి అన్నాడు ఎస్కిల్, అది వచ్చినప్పుడు చెయ్యెత్తు. ఆమె సిగ్గుపడింది, జుట్టు సవరించుకుంది, సరే కానివ్వమంది. వేలు నొక్కాడు. గది వచ్చింది, బూటు చప్పుడు వచ్చింది, గొంతు సవరించుకోబోయి మింగేసినామె వచ్చింది. మొదటి చరణం. రెండో చరణంలో సముద్రం లేచేసరికి ప్రేబెన్ ఉలిక్కిపడి ఎస్కిల్ మోకాలు గట్టిగా పట్టుకున్నాడు, నియమం ప్రకారం మాట్లాడలేదు. మూడో చరణం అయింది. ఆడవాళ్ళు ఊపిరి తీసుకున్నారు. ముసలాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి ఆమె మొహంలోకే చూస్తున్నారు.

సోల్వై వేలెత్తింది.